టీ తాగప్పా, చల్లారిపోతాది

కుర్చీ వీపు తుడవడం అయిపోయింది. ఇక చేతులు. ఎడమ చేతికి, మోచెయ్యి ఆనించే చోట, నల్ల రెక్సిన్ పెచ్చు లేచి ఉంది. వరదప్ప తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఆ పెచ్చు మీద రుద్దకుండా అద్దాడు. రుద్దితే మరికాస్త లేస్తుంది. ఇరవై నాలుగేళ్లుగా ఈ మేనేజరు గదిలో కుర్చీలు తుడుస్తున్న మనిషికి ఎక్కడ రుద్దాలో ఎక్కడ అద్దాలో ఇంకొకరు చెప్పాలా? ఆ తరవాత మోకాళ్ల మీద కూర్చుని, కుర్చీ చక్రాలు ఐదింటినీ ఒక్కొక్కటే తిప్పి, వాటికి చుట్టుకున్న దారప్పోగుల్నీ వెంట్రుకల్నీ గోటితో లాగేశాడు. అతని కుడి బొటనవేలి గోరు మధ్యకు చీలి ఉంటుంది. ఎప్పుడో టైపు మిషను మోస్తుంటే జారి మీద పడి చీలిన గోరు. ఆ చీలికలో దారం ఇట్టే చిక్కుతుంది, అందుకని దాని మీద అతనికి కోపం లేదు.

మనిషి పొడగరి. యాభై ఎనిమిది నిండాయి. ట్రే ఎప్పుడూ ఎడమ చేత్తోనే పట్టుకోవడం వల్ల ఆ భుజం కాస్త కిందికి దిగి ఉంటుంది. చెవుల మీద తెల్ల వెంట్రుకలు, మెడ వెనక ఎండకు కమిలిన చారలు. కంపెనీ చేతులు మారాక అటెండర్లకు ఖాకీ తీసేసి నీలం చొక్కాలు ఇచ్చారు. వరదప్పకు ఇచ్చిన చొక్కా చేతులు పొట్టివి, మణికట్టు దాకా రావు. మార్చమని అతను అడగలేదు, వాళ్లు చూడలేదు.

కుర్చీని బల్ల వెనక సర్దిపెట్టి ఒక్క క్షణం దాని ముందు నిలబడ్డాడు. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని ఈ పంపుల కంపెనీలో ఇవాళ ఈ కుర్చీకి ఉన్న పేరు మనుషులెవరికీ లేదు. పోయిన శనివారం నించి ఇది సినిమా హీరో.

ఆ సినిమా సంగతి చెప్పకుండా వరదప్ప కథ చెప్పడం కుదరదు. తీసింది డిజైన్ సెక్షన్ అమ్మాయి సింధు. తెనాలి నించి వచ్చి రెండేళ్లయింది. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి ఆఫీసు వాళ్లు ఒక నాటకమో డాన్సో వెయ్యడం అలవాటు. ఈసారి నాటకం వద్దు, సినిమా తీద్దామంది సింధు. బాగలూరులో పెళ్లిళ్లకు వీడియో తీసే ధనశేఖర్‌ను పిలిపించింది. మూడు ఆదివారాలు ఆఫీసులోనే తీశారు. పేరు 'సారు ఉన్నారు'. నిడివి ఇరవై రెండు నిమిషాలు.

అందులో ఒక ఆఫీసు. మేనేజరు తన కోటు కుర్చీకి తగిలించి మీటింగుకని వెళ్తాడు, మళ్లీ రాడు. రాలేదని ఎవరికీ తెలియదు. కోటు ఉంది కదా, సారు ఉన్నట్టే. కుర్చీకి ఫైళ్లు పంపుతారు, కుర్చీ నించి మెమోలు వస్తాయి. బాగా పనిచేసిన వాళ్లను ప్రమోషనిచ్చి సామాను చేస్తారు: మొదట స్టూలు, తరవాత బల్ల, ఆపైన బీరువా. ప్రమోషన్ వచ్చినవాడు మూలన బిగుసుకుని నిలబడతాడు, మిగతావాళ్లు అతని చొక్కాలో ఫైళ్లు కుక్కుతుంటారు. నవ్వినవాళ్ల నుదుటి మీద రబ్బరు స్టాంపు పడుతుంది. మీటింగు ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి పెట్టిన మీటింగు ఎంతకీ తెగదు. కూర్చున్నవాళ్ల జుట్లు నెరుస్తాయి, మెడలకు చిక్కుడు తీగ అల్లుకుని కాయలు కాస్తుంది, ఆ కాయలు కోసుకు తింటూ వాళ్లు చర్చ సాగిస్తారు. ధనశేఖర్ తనకు వచ్చిన పెళ్లి విద్యలన్నీ ఇందులో వాడేశాడు. గులాబీ రేకులు రాలడం, తమలపాకు మధ్యలోంచి మొహం తేలి రావడం, అన్నీ ఆ కుర్చీకే చేశాడు.

చివర్లో అటెండరు టీ పట్టుకుని వస్తాడు. ఆఫీసు నిండా సామానే, ఒక్క మనిషి లేడు. టీ పెట్టి, కుర్చీకి నమస్కారం చేసి వెళ్లిపోవాలి. సింధు రాసుకున్నది అంతే, అటెండరుకు మాటలు లేవు. ఆ వేషం వరదప్పది. వేషమేముందిలెండి, చొక్కా కూడా మార్చలేదు. కప్పు పెట్టాడు, వెనక్కి తిరిగాడు, తిరుగుతూ అలవాటు కొద్దీ అనేశాడు.

"టీ తాగప్పా, చల్లారిపోతాది."

కెమెరా వెనక ఉన్నవాళ్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. సింధు ఆ మాట తీసెయ్యలేదు సరికదా, అక్కణ్నించి కథే మార్చేసింది. ఆ మాట వినగానే కుర్చీ కదులుతుంది. కోటు జారి కింద పడుతుంది. కుర్చీ తన చక్రాల మీద తాను దొర్లుకుంటూ వరదప్ప వెనకే వరండా దాటి, గేటు దాటి, రోడ్డవతల టీ అంగడి ముందు ఆగుతుంది. నైలాన్ దారం కట్టి లాగారు. దారం ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది కూడా. అయినా శనివారం వార్షికోత్సవంలో ఐదు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో కొత్త జనరల్ మేనేజరు రంగనాయకులు కూర్చుని ఉన్నాడు. ఉత్తరాంధ్రలోని ఇంకో ఫ్యాక్టరీ నించి ఆయన జూన్ నెలలో ఇక్కడికి వచ్చాడు. హోసూరు మొత్తానికి కోటు వేసుకుని తిరిగే మనిషి ఆయనొక్కడే కావచ్చు. సింధు ఆ కథను మార్చిలో, ఆయన మొహమైనా చూడకముందు రాసుకుంది. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి, చెప్తే మాత్రం ఆయన నమ్మాలా?

ఇవాళ గురువారం, రెండు వేల నాలుగు సెప్టెంబరు ముప్పై. వరదప్ప ఉద్యోగానికి లెక్క ప్రకారం ఇదే ఆఖరి రోజు. కానీ ఆఫీసు గుట్టంతా తెలిసిన మనిషని పాత యాజమాన్యమే ఒక ఏడాది పొడిగింపు ఒప్పుకుంది. ఆర్డరు టైపయి యోగేష్ సొరుగులో సిద్ధంగా ఉంది. యోగేష్ కృష్ణగిరి పిల్లవాడు, ఉద్యోగుల వ్యవహారాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. నిన్న సాయంత్రం మెట్ల కింద వరదప్పను ఆపాడు.

"అన్నా, రేపు ఐదు లోపల ఒక కాగితం మింద సంతకం పెట్టల్ల. సినిమాలో అనిన మాట తప్పని. పెడితే పొడిగింపు ఆర్డరు చేతికిస్తాం. లేదంటే రేపే ఆఖరన్నా."

"ఏ మాటప్పా?"

"అదే అన్నా. తాగప్పా అన్నారే, అది."

చెప్తున్నప్పుడు యోగేష్ వరదప్ప మొహం చూడలేకపోయాడు పాపం. సినిమాలో బీరువా వేషం అతనిదే.

పొద్దున మత్తిగిరిలో ఇంటి దగ్గర భార్య వెంకటమ్మ రాగిముద్ద చుట్టి గిన్నెలో పెడుతూ ఒక్కటే మాట చెప్పింది. "సంతకం పెట్టేసి రా. కాగితం మింద గీసేదానికి నీ సొమ్మేం పోతాది. మధుమితకి ఇంకా ఏడాదిన్నర చదువుండాది." మధుమిత వాళ్ల చిన్నకూతురు, కృష్ణగిరిలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. వెంకటమ్మ చెప్పింది న్యాయమే. ఆ సంగతి వరదప్పకు తెలుసు, తెలుసు కాబట్టే పశువుల ఫారం పక్కన సైకిలు తొక్కుకుంటూ వచ్చినంతసేపూ అతనికి గుండె బరువుగా ఉంది. గీసేద్దాం, అనుకున్నాడు ఒకసారి. గేటు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మనసు ఒప్పలేదు.

పది గంటలకు మొదటి టీ. ఎవరికి చక్కెర తక్కువ, ఎవరికి డికాషన్ ఎక్కువ, ఎవరు కప్పు కుడి వైపు పెడితేనే తాగుతారు, ఎవరు పెట్టింది మరిచిపోయి చల్లారాక తిట్టుకుంటారు, ఇదంతా అతనికి కంఠతా వచ్చు. బల్ల బల్ల దగ్గరా ఇవాళ అందరూ అతన్ని చూసి గొంతు తగ్గించి అదే మాట అంటున్నారు. "తాగప్పా, చల్లారిపోతాది." శనివారం నించీ ఇదే వరస. కింద షెడ్డులో మిషను మొరాయిస్తే మిషనుతో అంటున్నారట. ప్రింటరు కాగితం మింగేస్తే ప్రింటరుతో అంటున్నారట. జనరల్ మేనేజరు మెట్లెక్కుతుంటే వెనక ఎవరో అన్నారట, తిరిగి చూస్తే పదకొండు మంది తలలు వంచుకుని పనిచేసుకుంటున్నారట. అది మాత్రం బాగాలేదు అనుకున్నాడు వరదప్ప. ఎగతాళికి వాడే మాట కాదది.

ఆ మాట అతనికి వాళ్ల నాయన నించి వచ్చింది. మునెప్పకు బాగలూరు అవతల ఎకరన్నర చామంతి తోట ఉండేది. ఆయన నోట అప్పా అనే మాట లేకుండా పిలుపు వచ్చేది కాదు. ఎద్దును పదప్పా అనేవాడు. బావి మోటారు లేవకపోతే పక్కన కూర్చుని లేయప్పా అని బతిమాలేవాడు. మబ్బు పట్టి కురవకుండా పోతుంటే రెండు చినుకులు రాల్చి పోప్పా అని అడిగేవాడు. కొట్టిన కరణాన్నీ అప్పా అన్నాడు, ఎత్తుకున్న మనవడినీ అప్పా అన్నాడు. ఎవరినైనా సరే ఆ ఒక్క మాటతో ఇంట్లో మనిషిని చేసుకోవడమే ఆయనకు తెలిసిన మర్యాద.

వరదప్ప ఈ కంపెనీకి అటెండరుగా రాలేదు. ఎనభైలో ఈ కట్టడం లేస్తుంటే ఇటుకలు మోయడానికి వచ్చాడు. మధ్యాహ్నం పూట బువ్వ చుట్టుకొచ్చిన పాత తెలుగు పేపరును నూనె మరకల మధ్య వెతుక్కుంటూ చదువుతుంటే మొదటి మేనేజరు లక్ష్మణప్ప చూసి, కట్టడం అయ్యాక లోపల పెట్టుకున్నాడు. ఆ తరవాత ఎందరు మేనేజర్లు! అరవం వాళ్లు, కన్నడం వాళ్లు, ఒక పంజాబీ ఆయన. అందరికీ వరదప్ప ఒకే టీ ఇచ్చాడు, అందరినీ ఒకే పిలుపు పిలిచాడు. పంజాబీ ఆయన ఆరేళ్లుండి తెలుగులో నేర్చుకున్నది ఒక్క ముక్క. బదిలీ అయి పోయే రోజు కారెక్కుతూ వరదప్ప చెయ్యి పట్టుకుని "వస్తానప్పా" అన్నాడు. ఆవేళ వరదప్ప స్టోరు గదిలోకి పోయి కళ్లు తుడుచుకున్నాడు.

పన్నెండున్నరకు యోగేష్ కాగితం తెచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. స్టోరు గదిలో చీపుళ్ల కట్టల మధ్య నిలబడి, ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పాడు. నేను వార్షికోత్సవ చిత్రంలో ఉన్నతాధికారిని కించపరిచే పదం వాడాను. ఆ పదం నా చేత పలికించింది డిజైన్ సెక్షన్ ఉద్యోగి సింధు. దాని అర్థం నాకు తెలియదు. జరిగినందుకు చింతిస్తున్నాను.

వరదప్ప కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"దాని అర్థం నాకి తెలీదంటనా?"

"అట్ల రాసినారన్నా."

"ఆ పాప పేరెందుకు దీంట్లో?"

యోగేష్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇది చేతికొస్తే ఆయమ్మను పంపించేస్తారన్నా. కారణం కావల్ల కదా. సినిమా తీసినందుకని రాయలేరు, పర్మిషన్ ఇచ్చింది మేమే."

నిన్నటి నించీ ఇది తన నాలికకు సంబంధించిన తగాదా అనుకున్నాడు వరదప్ప. ఇప్పుడు అందులో ఒక ఆడపిల్ల కూడు ఉంది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మడిచినచోట మళ్లీ వేలితో గట్టిగా ఒత్తాడు, కోపమంతా ఆ మడత మీద చూపిస్తున్నట్టు.

క్యాంటీనులో సింధు మూల బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. సన్నటి పిల్ల, పెద్ద కళ్లద్దాలు. మామూలుగా గలగలా మాట్లాడుతుంది. ఇవాళ చపాతీని తుంచిన ముక్కనే మళ్లీ తుంచుతోంది. అతను వచ్చి ఎదురుగా నిలబడగానే ముందు ఆమే అంది.

"పెట్టేయండి అంకుల్. నాకు బెంగుళూరులో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మీకీ వయసులో ఎవరిస్తారు?"

"ఈ కాగితం నీ మింద ఉంటే ఆడ ఇస్తారామ్మా?"

ఆమె కళ్లద్దాలు తీసి చున్నీ అంచుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాలనే ఇంకోసారి తుడిచింది.

"నువ్వు రాసిన కాగితంలో నాకి మాటే లేదు," అన్నాడు వరదప్ప. "అది నా మాట. నా మాటకి నువ్వెందుకు పోవల్ల?"

"మీ అమ్మాయి చదువు అంకుల్."

"దాని చదువు అది చదువుకుంటాది. తిను ముందు."

అనేశాడు గానీ, చేతులు కడుక్కునే చోట కొళాయి తిప్పి నీళ్ల కింద చేతులు పెట్టి ఉండిపోయాడు. మధుమిత మొహమే కళ్ల ముందు ఉంది. పోయిన నెల తెల్ల యూనిఫారం వేసుకుని ఫొటో దిగి పంపింది, వెంకటమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకుంది. భయమేసింది అతనికి. భయం లేదని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. కానీ భయమేసినా లోపల ఒకచోట మాత్రం రాయిలా గట్టిగా ఉంది, అది ఎంత కదిపినా కదలడం లేదు.

మూడున్నరకు జనరల్ మేనేజరు టీ. పాలు లేవు, చక్కెర లేదు. కప్పు, కింద సాసరు. వరదప్ప ట్రే ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో తలుపు మీద రెండుసార్లు తట్టి లోపలికి వెళ్లాడు.

రంగనాయకులు పొట్టి మనిషి. జుట్టుకు నల్ల రంగు, మీసం లేదు, ఫ్యాను తిరుగుతున్నా నుదుట చెమట. ఆఫీసులో ఆయన ఎవరితోనూ తెలుగు మాట్లాడడు. ఆయనది తెలుగేనని చాలామందికి తెలియనే తెలియదు. వరదప్పకు మాత్రం తెలుసు. ఒకసారి టీ పెడుతుంటే ఫోనులో "తిన్నావేటమ్మా?" అని ఎవరినో అడగడం విన్నాడు. ఆవేళ నించి ఆయన మీద వరదప్పకు కాస్త జాలి ఉంది.

"సంతకం అయిందా?" ఇవాళ తెలుగులోనే అడిగాడు.

"లేదప్పా."

కప్పు అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది. "మళ్లీ అదే మాట. నా మొహం మీదే."

"ఏ మాటప్పా?"

రంగనాయకులు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "తెలిసి అంటున్నావో తెలియక అంటున్నావో నాకు అర్థం కావట్లేదు. మా వైపు అప్ప అంటే ఏమిటో తెలుసా నీకు? అక్క. మా పెద్దప్ప బొబ్బిలిలో ఉంది. ఐదు వందల మంది ముందర, కోటు తొడిగిన కుర్చీని పట్టుకుని అక్కా టీ తాగు అన్నావు. వాళ్లు నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మెట్లెక్కితే అక్క, మెట్లు దిగితే అక్క."

వరదప్పకు అప్పుడు అర్థమయింది. నిన్నటి నించీ అతను అనుకుంటున్నది వేరు. మీరు అనకుండా నువ్వు అన్నందుకు కాబోలు ఈయనకు ఇంత కోపం, అనుకున్నాడు. లోపల్నించి నవ్వు తన్నుకొచ్చింది. ట్రేను గుండెకు అదుముకుని ఆపుకున్నాడు. ఆపుకున్నా ఒక ముక్క బయటపడింది.

"అట్లయితే నేను వరదక్కనాప్పా? మా నాయన మునెక్కనా? ఈ గదిలో మొదట కూర్చున్న ఆయప్ప లక్ష్మణక్కనా?"

రంగనాయకులు పెదవి చివర ఒక్క కదలిక కనిపించింది. నవ్వే. వరదప్ప స్పష్టంగా చూశాడు. కానీ ఆయన దాన్ని అక్కడే మింగేశాడు.

"ఈడ అప్ప అంటే నాయనప్పా," వరదప్ప నెమ్మదిగా చెప్పాడు. "నిన్ను నాయనా అన్నాను. మా కన్నపిల్లోళ్లనీ అట్లనే అంటాము, కలెక్టరునీ అట్లనే అంటాము."

"సరే. అర్థం ఏదైనా కానీ. ఐదు వందల మంది నవ్వారు, దానికి ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి. తెలియక అన్నానని నువ్వు రాసిచ్చావనుకో, నీ ఏడాది నీకుంటుంది. నీకు పోయేదేముంది?"

పొద్దున వెంకటమ్మ అడిగిందీ ఇదే. ఇంట్లో మనిషి అడిగితే న్యాయంగా తోచిన మాట ఈ గదిలో వినేసరికి అతనికి ఒళ్లు మండింది.

"తెలిసే అన్నానప్పా. యాభై ఎనిమిదేండ్లుగా తెలిసే అంటాండాను. తెలీక అన్నానని రాసిస్తే రేపు నా బిడ్డను యేమని పిలిచేది? ఆ పాప చెప్తే అన్నానని రాసిస్తే ఆ పాప మొహం యెట్ల చూసేది? నిన్ను మర్యాదగా పిలిచినాను. దానికి నేను తప్పు ఒప్పుకోను."

"ఏటనుకుంటన్నావ్? నానేటి పిచ్చోడిలా అగుపిస్తన్నానా నీకు?"

అరిచాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు. ఎన్నేళ్ల తరవాత ఆఫీసు గోడల మధ్య ఆ మాట ఆయన నోట వచ్చిందో ఆయనకే తెలియాలి. వరదప్ప మాత్రం భయపడలేదు. ముచ్చటపడ్డాడు.

"ఈ మాట బాగుండాదప్పా. ఇట్లనే మాట్లాడొచ్చు కదా అందరితోనూ."

రంగనాయకులు మొహం ఎర్రబడింది, తరవాత మామూలయింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మళ్లీ గొంతు సరిచేసుకుని ఇంగ్లీషులోకి వెళ్లిపోయాడు. ఐదింటికి రిలీవ్ అయిపోవచ్చు, అన్న ముక్క వరదప్పకు అర్థమయింది.

వరదప్ప జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, బల్ల మీద పరిచాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా పొడి పొడి అక్షరాలు అతను గుర్తుపడతాడు. ఇన్నేళ్లు కవర్ల మీద పేర్లు చూసి బల్లలకు పంచిన మనిషి. అడుగున తన పేరు ఉండాల్సిన చోట వేలు పెట్టి ఒక్కో అక్షరమూ కూడబలుక్కున్నాడు.

"నా పేరు తప్పుపడిందప్పా. ఈడ వరద అనే ఉండాది."

కంప్యూటరులో పేరుకు ఇచ్చిన గళ్లు అన్నే, ఎవరి పేరైనా అక్కడికే తెగుతుంది. ఆ సంగతి రంగనాయకులు చెప్పలేదు. మనిషి మెత్తబడ్డాడనుకున్నాడేమో, తన పెన్ను మూత తీసి ముందుకు జరిపాడు. వరదప్ప పెన్ను తీసుకుని, ఎడమ చేత్తో కాగితం అదిమిపట్టుకుని వంగాడు. రాసింది రెండు క్షణాల పని. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాడు, ట్రే తీసుకున్నాడు.

"టీ తాగప్పా," అన్నాడు తలుపు దగ్గర. "చల్లారిపోతాది."

నాలుగుంబావుకు రెండో టీ పంచాలి. ఐదింటికి పోయేవాడు ఆ ఒక్క టీ పంచకపోతే అడిగేవాడు లేడు. వరదప్ప ఫ్లాస్కులు నింపుకుని బయల్దేరాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ఇవాళ ప్రతి బల్ల దగ్గరా ఆగి, గొంతెత్తి, మాట మాటా విడదీసి చెప్పాడు. "టీ తాగప్పా, చల్లారిపోతాది." ఆడవాళ్లకు "తాగమ్మా". జనరల్ మేనేజరు గది తలుపు దాకా వినిపించేలా చెప్పాడు. మొదటి రెండు బల్లల దగ్గర నవ్వారు. మూడో బల్ల దగ్గర నవ్వలేదు. అక్కణ్నించి ఒక్కొక్కరే లేచి నిలబడి కప్పు అందుకుంటూ "తాగుతానప్పా" అన్నారు. తెలుగు రాని అరవం వాళ్లూ అన్నారు. యోగేష్ తల వంచుకునే కప్పు అందుకున్నాడు. సింధు లేచి నిలబడి, కప్పు రెండు చేతులతో పట్టుకుని, ఒక గుక్క తాగింది.

"బాగుంది వరదప్పా," అంది. రెండేళ్లలో మొదటిసారి అంకుల్ అనలేదు.

ఐదింటికి సైరను మోగింది. వరదప్ప కప్పులు కడిగి బోర్లించి, తడిగుడ్డ పిండి ఆరేసి, స్టోరు గది తాళం గేటు దగ్గర ఇచ్చేశాడు. దండలు లేవు, ఉపన్యాసాలు లేవు. జనరల్ మేనేజరు పెట్టని వీడ్కోలు సభ ఇంకెవరు పెడతారు? సైకిలు స్టాండు తీసి, ప్యాంటు కుడి కాలు మడిచి, ఎక్కాడు. ఇంటికి పోయాక వెంకటమ్మ అడుగుతుంది. పెట్టలేదు అని చెప్తాడు. ఆమె తిడుతుంది, గిన్నెలు చప్పుడు చేస్తుంది, ఆ తరవాత అన్నం పెడుతుంది. బాగలూరు తోటల్లో పూలు కోసే పని ఉంది, గులాబీలు కట్టలు కట్టే పని ఉంది, ఏదో ఒకటి చేసుకుంటాడు. మధుమిత చదువు ఆగదు, ఆగనివ్వడు. రోడ్డు మీద లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. వరదప్ప వెనక్కి చూడకుండా మత్తిగిరి దారి పట్టాడు. ఎడమ భుజం కిందికి దిగినా, తల మాత్రం నిటారుగానే ఉంది.

మర్నాడు పొద్దున ఆ కాగితం యోగేష్ చేతికి వచ్చింది. సింధు మీద ఫైలు తెరవాలంటే ముందు ఇది చెల్లాలి. సంతకం లేదు కాబట్టి చెల్లదు, ఫైలులో పెట్టడానికి వీల్లేదు. ఉద్యోగి స్వహస్తంతో రాసింది ఉంది కాబట్టి చించడానికీ వీల్లేదు, రూలు ఒప్పుకోదు. అతను దాన్ని తీసుకెళ్లి జనరల్ మేనేజరు ట్రేలో పెట్టాడు, ఆయన మళ్లీ యోగేష్ ట్రేలో పెట్టించాడు. అలా నాలుగు రోజులు తిరిగి తిరిగి, చివరికి ఆయన బల్ల మీద గాజు పేపరువెయిటు కింద ఆగింది. ఆయన దాన్ని తీయమనలేదు. ఇంగ్లీషులో అచ్చయిన ఆరు అక్షరాల పక్కన, నీలం సిరాతో, కాస్త పెద్దగా, కాగితం అవతలి వైపుకు కూడా దిగేలా ఒత్తి రాసిన ఒక్క తెలుగు అక్షరం అందులో ఉంది: ప్ప.